ఇంటి ఆఫీసుకి ఫ్యాక్స్: మెషినా, ఆన్‌లైన్ నంబరా? ఏది మేలు?

చింత చచ్చినా పులుపు చావలేదన్న సామెత అమెరికాలో ఫ్యాక్స్‌కి సరిగ్గా అతుకుతుంది. డాక్టరు రిఫరల్ పంపాలన్నా, ఇన్సూరెన్సు వాళ్ళకి ప్రయర్ ఆథరైజేషన్ (వైద్యానికి ముందస్తు అనుమతి) కాగితాలు చేరాలన్నా, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి కొన్ని ఫారాలు పంపాలన్నా ఇప్పటికీ "మీ ఫ్యాక్స్ నంబరు చెప్పండి" అనే అడుగుతారు. ఇంట్లోంచి మెడికల్ బిల్లింగ్ చేసేవాళ్ళు, టాక్స్ సీజన్లో బేస్‌మెంట్‌లో బల్ల వేసుకుని రిటర్నులు నింపేవాళ్ళు, చిన్న కన్సల్టెన్సీ నడిపేవాళ్ళు, వీళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని డెలావేర్‌లోనో వయోమింగ్‌లోనో కంపెనీ పెట్టుకున్నవాళ్ళకీ తప్పదు. వాళ్ళ సంగతి కాస్త ఆగి చెప్తాను.

సాధారణంగా మొదట వచ్చే ప్రశ్న "ఏ మెషిన్ కొనాలి?" అని. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. మెషిన్లన్నీ దాదాపు ఒకటే. 1980లో స్థిరపడ్డ గ్రూప్ 3 పద్ధతిలోనే ఇప్పటికీ మాట్లాడుకుంటాయి. తేడా అంతా మూడు చోట్ల ఉంటుంది. మీ గోడలోకి వచ్చే ఫోన్ లైను ఏ రకం? మీరు పంపడమే ఉందా, మీకు రావడం కూడా ఉందా? ఆ కాగితాల్లో ఉండేది ఎవరి వివరాలు? ఈ మూడూ తేల్చుకోకుండా మూడొందల డాలర్ల ఆల్-ఇన్-వన్ ప్రింటర్ మోసుకొస్తే అది స్కానర్‌గా మాత్రమే మిగులుతుంది.

రాగి తీగ లైనుంటే

పాతకాలపు రాగి ఫోన్ లైను మీద ఫ్యాక్స్ మెషిన్ ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఇందులో నాకు సందేహమేమీ లేదు. ఫ్యాక్స్‌ని ఆ తీగ కోసమే తయారుచేశారు. సెకనుకి 14,400 బిట్ల వేగంతో మామూలు పేజీ ఒకటి మొదటి పలకరింపులతో సహా నిమిషం అటూఇటుగా వెళ్ళిపోతుంది. సూపర్ జీ3 అనే వేగవంతమైన రకం మెషిన్లు రెండు వైపులా ఉంటే 33,600 దాకా పోతుంది.

కలపడం తేలిక, తప్పు చేయడం కూడా అంతే తేలిక. మెషిన్ వెనక రెండు ఆర్‌జే-11 రంధ్రాలుంటాయి. "లైన్" అని రాసినదానికి గోడ నుంచి వచ్చే తీగ పెట్టాలి. "ఎక్స్‌ట్" లేదా "టెల్" అని రాసినది మీ ఫోన్‌కో ఆన్సరింగ్ మెషిన్‌కో. ఈ రెండూ తారుమారైతే చాలా మెషిన్లు డయల్ టోన్ లేదని మొరాయిస్తాయి. అదే లైను మీద డీఎస్‌ఎల్ ఇంటర్నెట్ ఉంటే గోడకీ మెషిన్‌కీ మధ్య ఫిల్టర్ పెట్టాలి. కాల్ వెయిటింగ్ ఉంటే నంబరు ముందు *70 కొట్టి ఆపాలి, లేకపోతే మధ్యలో వచ్చే బీప్ పేజీని చంపేస్తుంది. తర్వాత తేదీ, సమయం, మీ పేరు, మీ నంబరు మెషిన్‌లో నింపండి. ఇది మర్యాద కోసం కాదు. ఫ్యాక్స్ పంపినవాళ్ళెవరో, ఎప్పుడు పంపారో, ఏ నంబరు నుంచో కాగితం అంచున కనపడాలని 1991 నాటి టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం కింద నిబంధన ఉంది.

మరి చిక్కెక్కడ? ఆ తీగే కరువైపోతోంది. కాలిఫోర్నియా తప్ప తమ పరిధిలో ఎక్కువ ప్రాంతాల్లో 2029 చివరికల్లా రాగి సేవలు ఎత్తేస్తామని ఏటీ అండ్ టీ ప్రకటించింది. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకైతే 2027 జనవరి గడువు. ఉన్నచోట కూడా నెలవారీ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడకి ఆ సాకెట్ ఉన్నా వెనక తీగలో ప్రాణం ఉండదు.

రాగి లైనుని సమర్థించేవాళ్ళు ఒక మాటంటారు: కరెంటు పోయినా పనిచేస్తుందని. ఫోన్ విషయంలో నిజమే. ఫ్యాక్స్ మెషిన్‌కి మాత్రం గోడ ప్లగ్గు నుంచి కరెంటు కావాలి కదా, అది లేనప్పుడు లైనులో ప్రాణం ఉండి ఏం లాభం? కాబట్టి ఆ ఒక్క కారణంతో రాగి లైనుకి డబ్బు తగలేయకండి.

అదే మెషిన్, ఇంటర్నెట్ ఫోన్ లైను

ఎక్కువ మంది నిజంగా చేసేది ఇదే. కేబుల్ మోడెమ్ వెనక "టెల్" రంధ్రం ఉంటుంది, లేదా మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే ఏటీఏ అనే చిన్న పెట్టె ఉంటుంది. దాంట్లో ఫోన్ పెడితే మోగుతోంది కాబట్టి ఫ్యాక్స్ పెడితే పనిచేయాలనుకుంటారు. ఒకటి రెండు పేజీలు వెళ్తాయి కూడా. పన్నెండు పేజీల కట్ట పంపబోతే మూడో పేజీ దగ్గర "కమ్యూనికేషన్ ఎర్రర్" అని ఆగిపోతుంది. మళ్ళీ పంపితే ఏడో పేజీ దగ్గర. అప్పుడు మెషిన్‌ని తిడతారు. మెషిన్ తప్పేమీ లేదు.

ఇంటర్నెట్ ఫోన్ మన గొంతును చిన్న చిన్న ప్యాకెట్లుగా కోసి పంపుతుంది. ఒకటి ఆలస్యమైనా, ఒకటి పోయినా అవతలి మనిషి సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు. ఫ్యాక్స్ మోడెమ్‌కి ఆ సౌలభ్యం లేదు. దానికి ప్రతి కూతా సరైన సమయంలో, సరైన ఆకారంలో వినపడాలి. దానికితోడు కొన్ని సర్వీసులు బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం జీ.729 అనే పద్ధతిలో ధ్వనిని సెకనుకి 8 కిలోబిట్లకి కుదిస్తాయి. అది మనిషి గొంతు కోసం చేసిన కుదింపు, మోడెమ్ కూతలు దాంట్లో చితికిపోతాయి. కుదించని జీ.711, అంటే 64 కిలోబిట్లది, ఉంటే కొంత నయం. ఇంకా మంచిది టీ.38. ఇందులో కూతల్ని ధ్వనిగా మోయరు. పెట్టె వాటిని విని, లోపలి సమాచారాన్ని తీసి, ప్యాకెట్లలో ఒకటికి రెండుసార్లు పెట్టి పంపుతుంది. 1998 నుంచీ ఉన్న ప్రమాణమే ఇది. కానీ మీ పెట్టెలో ఉంటే చాలదు, మీ ఫోన్ సర్వీసు కూడా ఒప్పుకోవాలి. అందుకని లైను తీసుకునేముందు కస్టమర్ కేర్‌ని "ఫ్యాక్స్ పనిచేస్తుందా?" అని అడగకండి, అవుననే అంటారు. "టీ.38 ఉందా?" అని అడగండి. జవాబుకు ముందు ఎంతసేపు తడుముకుంటారో దాన్నిబట్టే సగం తెలిసిపోతుంది.

ఉన్న లైనుతోనే నెట్టుకురావాలంటే కొన్ని మార్గాలున్నాయి. మెషిన్ మెనూలో ఫ్యాక్స్ వేగాన్ని 9600కి దించండి. అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. ఏటీఏని వైఫై మీద కాకుండా రూటర్‌కి తీగతో కలపండి. దాని సెట్టింగుల్లో ఎకో క్యాన్సలేషన్, సైలెన్స్ సప్రెషన్ ఆపేయండి. పొడుగు కట్టల్ని ముక్కలుగా పంపండి, ప్రతి ముక్కకీ కవర్ పేజీ మీద "3లో 1వ భాగం" అని రాయండి.

ఈసీఎం సంగతి వేరే చెప్పాలి. అంటే తప్పులు దిద్దుకునే పద్ధతి. పాడైన ముక్కని అవతలి మెషిన్ మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. లైను బాగోలేనప్పుడు ఈ అడగడాలే ఎక్కువై కాల్ తెగిపోతుంది కాబట్టి దాన్ని ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు. ఆపితే ఫ్యాక్స్ వెళ్తుంది, నిజమే. కానీ మధ్యమధ్యలో గీతలు మాయమై వెళ్తుంది. పెళ్ళి శుభలేఖ అయితే పరవాలేదు. మందు డోసు, సోషల్ సెక్యూరిటీ నంబరు, బిల్లు మొత్తం ఉన్న కాగితంలో ఒక గీత పోతే 8 కాస్తా 3 అవుతుంది. వేగం తగ్గించండి, ఈసీఎం ఉంచండి. అప్పటికీ వెళ్ళకపోతే ఆ లైను ఫ్యాక్స్‌కి పనికిరాదని అర్థం.

ఒకే నంబరు మీద మాటా ఫ్యాక్సూ రెండూ నడపాలంటే ఇంకో తలనొప్పి. మెషిన్ ముందే ఫోన్ ఎత్తేసి అవతల ఫ్యాక్స్ కూత, అంటే 1100 హెర్ట్జ్ బీప్, వినపడుతుందేమోనని చూస్తుంది. ఇండియా నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఆవిడ చెవిలో కీచుమంటుంది. ఇంతకంటే డిస్టింక్టివ్ రింగ్ మేలు: ఒకే లైను మీద రెండో నంబరు, దానికి వేరే రకం మోత, మెషిన్ ఆ మోతకే లేచేట్టు పెట్టుకోవచ్చు. గూగుల్ వాయిస్ నంబరు మాత్రం ఫ్యాక్స్‌కి పనికిరాదు.

ఆన్‌లైన్ ఫ్యాక్స్

ఇక్కడ మెషిన్ ఉండదు. నెలకి పది, ఇరవై డాలర్ల మధ్య కట్టి ఒక నంబరు తీసుకుంటారు. వచ్చిన ఫ్యాక్స్ పీడీఎఫ్‌గా మీ ఖాతాలో పడుతుంది, మీరు పీడీఎఫ్ ఎక్కిస్తే అవతల కాగితమై దిగుతుంది. లైను గొడవంతా సర్వీసు వాళ్ళది.

రాగి లైను నెల బిల్లుతో పోలిస్తే డబ్బులోనే ఇది గెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, మీరు ఇంట్లో లేకపోయినా ఫ్యాక్స్ అందుతుంది. న్యూజెర్సీలో ఉన్న బిల్లింగ్ కంపెనీకి హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు టీమ్ ఉందనుకోండి. ఎడిసన్‌లో గదిలో మెషిన్ పెట్టి, దాంట్లోంచి కాగితం తీసి, స్కాన్ చేసి, మళ్ళీ పంపడం అనవసరపు చాకిరీ.

అయితే ఆసుపత్రి కాగితాలు పట్టుకునేవాళ్ళు ఒక విషయంలో జాగ్రత్తపడాలి. ఫ్యాక్స్ పంపడాన్ని హిపా, అంటే రోగుల వివరాల గోప్యతని కాపాడే చట్టం, నిషేధించలేదు, తగిన జాగ్రత్తలు అడుగుతుందంతే. మామూలు ఫోన్ కంపెనీ కేవలం మోసుకెళ్తుంది కాబట్టి దానితో ప్రత్యేక ఒప్పందం అక్కర్లేదు. ఆన్‌లైన్ సర్వీసు మాత్రం రోగి వివరాలని తన సర్వర్లలో దాచుకుంటుంది. కాబట్టి బీఏఏ అనే బిజినెస్ అసోసియేట్ ఒప్పందం దానితో రాసుకోవాలి. అన్నిటికంటే చవక ప్లాన్‌లో చాలాసార్లు అది ఉండదు. ప్రకటనలో పెద్దక్షరాలతో "హిపా" అని ఉంటే సరిపోదు, సంతకమైన ఒప్పందం మీ చేతికి రావాలి. ఫ్యాక్స్‌ని మామూలు ఈమెయిల్‌కి అటాచ్‌మెంట్‌గా పంపే అమరిక ఉంటే తీసేసి, లాగిన్ అయి చూసుకునేట్టు మార్చుకోండి. ఇక ఉచిత సర్వీసులు పేజీలకి పరిమితి పెడతాయి, కవర్ మీద తమ ప్రకటన వేస్తాయి. సోషల్ సెక్యూరిటీ నంబరున్న కాగితాన్ని అలాంటి చోట ఎక్కించడం నాకైతే మనసొప్పదు.

చేరిందన్న రుజువు విషయంలో మాత్రం మెషిన్‌దే పైచేయి. అవతలి మెషిన్ పేజీ అందిందని స్వయంగా చెప్పాకే మీ రిపోర్టులో "ఓకే" పడుతుంది. ఆన్‌లైన్‌లో "మీ ఫ్యాక్స్ తీసుకున్నాం" అని ముందొక మెయిల్ వస్తుంది. అది రుజువు కాదు. తర్వాత వచ్చే "డెలివర్డ్" మెయిలే దాచుకోవాలి.

ఇప్పుడు హైదరాబాద్ కంపెనీవాళ్ళ సంగతి. కంపెనీ వ్యాపారం ప్రధానంగా అమెరికాలోనే ఉండి, అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, ఐటిన్ అనే వ్యక్తిగత పన్ను నంబరు గానీ ఉన్నవాళ్ళు కంపెనీకి ఈఐఎన్ అనే పన్ను నంబరుని ఐఆర్‌ఎస్ సైట్‌లో అప్పటికప్పుడు తీసుకోవచ్చు, ఫ్యాక్స్ ఊసే అక్కర్లేదు. అవి లేని విదేశీయులు ఎస్‌ఎస్-4 ఫారం నింపి ఫ్యాక్స్ చేయాలి, లేదా పోస్టులో పంపాలి, లేదా ఫోన్ చేయాలి. ఫారంలో మీరు తిరుగు ఫ్యాక్స్ నంబరు ఇస్తే సుమారు నాలుగు పనిదినాల్లో జవాబు ఫ్యాక్స్‌లో వస్తుందని ఐఆర్‌ఎస్ చెబుతుంది. రద్దీ ఉంటే ఇంకా పట్టొచ్చు. పోస్టయితే వారాల మాట. ఇక్కడ చాలామంది పంపడానికి మాత్రమే పనికొచ్చే సర్వీసు తీసుకుంటారు, లేదా ఉచిత ట్రయల్ తీసుకుని ఫ్యాక్స్ వెళ్ళగానే రద్దు చేస్తారు. ఐఆర్‌ఎస్ జవాబు చచ్చిపోయిన నంబరుకి పోతుంది. ఈఐఎన్ చేతికొచ్చేదాకా ఆ ఫ్యాక్స్ ఖాతా బతికుండాలి.

దుకాణంలోనో లైబ్రరీలోనో ఫ్యాక్స్ చేయించుకోవడం మరో దారి. దుకాణంలో పేజీకి రెండు డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, కొన్ని లైబ్రరీల్లో ఉచితం. ఏడాదికి ఒకటో రెండో పంపేవాళ్ళకి ఇది చాలు. మీకంటూ నంబరుండదు, వెనక వరసలో నిలబడ్డవాళ్ళు మీ కాగితం చూస్తారు, అంతే.

దేంట్లో పంపినా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఫ్యాక్స్‌కి తెలిసినవి నలుపు, తెలుపు మాత్రమే. పసుపు హైలైటర్ గీసిన వాక్యం అవతల నల్లటి పట్టీగా దిగొచ్చు, పాస్‌పోర్టు ఫోటో మసిబొగ్గవుతుంది. మామూలు మోడ్‌లో నిలువుగా అంగుళానికి 98 గీతలే పడతాయి. "ఫైన్" పెడితే 196. చిన్నక్షరాల ఫారాలన్నీ ఫైన్‌లోనే పంపండి, నిదానమైనా సరే.

ఎవరికి ఏది

బిల్లింగ్ పని చేస్తూ రోజూ ఫ్యాక్సులు అందుకునేవాళ్ళకి బీఏఏ ఉన్న ఆన్‌లైన్ ప్లాన్, రెండో ఆలోచన వద్దు. టాక్స్ పనివాళ్ళకీ ఆన్‌లైనే. కాకపోతే సీజన్ అయిపోయిందని ఖాతా మూసేయకుండా చిన్న ప్లాన్‌కి దిగండి, ఎందుకంటే వదిలేసిన నంబరు ఇంకొకరికి పోతుంది, మీ పాత క్లయింటు పంపిన డబ్ల్యూ-2 (జీతం, పన్ను వివరాల ఫారం) వాళ్ళకి చేరుతుంది. అసలు ఫ్యాక్స్ అవసరమా అన్నది కూడా ప్రతిసారీ చూసుకోండి; పవర్ ఆఫ్ అటార్నీ ఫారం 2848 లాంటివి ఇప్పుడు ఐఆర్‌ఎస్ సైట్‌లోనే ఎక్కించొచ్చు.

మెషిన్ ఎవరికంటే, చేతిరాత కాగితాలు కట్టలుగా పంపేవాళ్ళకి, బతికున్న రాగి లైనో టీ.38 ఉన్న లైనో ఉన్నవాళ్ళకి. స్క్రీన్ మీద చదవడం ఇష్టపడని పెద్ద డాక్టర్లుంటారు, వాళ్ళ బల్ల మీద కాగితం పడితేనే పని జరుగుతుంది. అలాంటి చోట మెషిన్ ఉండనివ్వండి. టీ.38 లేని ఇంటర్నెట్ లైను మీద మెషిన్ మాత్రం ఎవరికీ నేను చెప్పను.

మెషిన్ నుంచి ఆన్‌లైన్‌కి మారేటప్పుడు పాత నంబరుని వెంట తీసుకెళ్ళొచ్చు. ముందు కొత్త సర్వీసులో పోర్టింగ్ దరఖాస్తు పెట్టండి. నంబరు అటు మారిందని ఖాయమయ్యాకే పాత లైను ఆపించండి. ముందే ఆపిస్తే నంబరు చేజారొచ్చు. పాత మెషిన్‌ని ఎవరికైనా ఇచ్చేముందు దాని మెమరీ చెరిపేయండి. రిబ్బన్ రీలుతో నడిచే రకమైతే ఆ రీలు తీసి ముక్కలు చేయండి. అచ్చయిన ప్రతి పేజీ దాని మీద చదవగలిగేలా ఉంటుంది.