మూడు మీటర్ల గడియారం కిట్: మీటర్లు బంగారం, కరెంటు దగ్గరే తేడా

తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లలకి ప్రాజెక్టు సామాన్లు అమ్మే ఒక షాపువాళ్లు సొంతంగా కట్టి అమ్ముతున్న కిట్ ఇది. గంటలకి ఒకటి, నిమిషాలకి ఒకటి, సెకన్లకి ఒకటి, మొత్తం మూడు ముళ్ల మీటర్లు. అంకెలు వెలగవు. ముల్లు ఎక్కడ నిలబడితే అదే టైము. ధర 1,850 రూపాయలు. కవర్లో ప్రోగ్రాము నడిపే ఆర్డుయినో నానో బోర్డు (యూఎస్‌బీకి సీహెచ్340 చిప్ ఉన్న చైనా రకం), టైము లెక్కపెట్టే డీఎస్3231 క్లాక్ మాడ్యూలు, 1 మిల్లీయాంపియర్ మీటర్లు మూడు, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్లు మూడు, 500 ఓమ్ ప్రీసెట్లు (తిప్పి సర్దుకునే రెసిస్టర్లు) మూడు, జీరో పీసీబీ (సామాన్లు సోల్డర్ చేసుకునే చిల్లుల బోర్డు), రెండు బటన్లు, స్కేలు స్టిక్కర్లు ఉంటాయి. అడాప్టరు, పెట్టె మనమే చూసుకోవాలి.

ముందు మంచి మాట. మీటర్లు అసలు సిసలు మూవింగ్ కాయిల్ రకం, అంటే అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగి ముల్లుని కదిపేవి. ఈ గడియారానికి ప్రాణం అదే. పాత స్టెబిలైజర్లోంచి పీకిన వోల్టుమీటరుతో పని కానిద్దామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అవి చాలావరకు మూవింగ్ ఐరన్ మీటర్లు, స్కేలు మొదట్లో గీతలన్నీ ఇరుక్కుపోయి ఉంటాయి. వాటితో గంటలో మొదటి పావు భాగం చదవడమే కష్టం. మూవింగ్ కాయిల్ మీటర్లో కరెంటు ఎంత పెరిగితే ముల్లు అంతే సమానంగా జరుగుతుంది. కౌంటరు దగ్గరే తేల్చుకోవచ్చు: మీటరు వెనక రెండు టెర్మినళ్లనీ ఒక వైరు ముక్కతో కలిపి, మీటర్ని అటూ ఇటూ ఊపండి. వైరు లేనప్పుడు ముల్లు ఉయ్యాలలా ఊగుతుంది, వైరు కలపగానే తేనెలో మునిగినట్టు బద్ధకిస్తుంది. అలా బద్ధకిస్తే మూవింగ్ కాయిలే. ఇంకో పరీక్ష: కొత్త పెన్ను సెల్లు, 1.5 కిలో ఓమ్ రెసిస్టరు వరసగా పెట్టి తాకిస్తే ముల్లు ఇంచుమించు చివరిదాకా పోవాలి. షాపువాళ్లు అడిగితే విసుక్కోకుండా ఇవన్నీ చేసి చూపిస్తారు, లూజుగా ఒక్క మీటరైనా ఇస్తారు. మీటరు కోసం సప్తగిరి రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచ్చీ స్ట్రీట్‌కి పోయే పని తప్పడమే పెద్ద మేలు.

ఇక తేడాలు. మొదటిదీ పెద్దదీ కరెంటు గురించి.

ఈ గడియారంలో టైమంటే వోల్టేజే. నానో బోర్డు పిన్ను సెకనుకి 490 సార్లు ఆనై ఆఫవుతుంది. ఆ వేగాన్ని ముల్లు అందుకోలేదు కాబట్టి సగటు దగ్గర నిలబడుతుంది. ముప్పయ్యో నిమిషమంటే సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్. కానీ ఆన్ అయినప్పుడు వచ్చే వోల్టేజి ఎంత? కిట్‌తో ఇచ్చిన కాగితంలో 5 వోల్టులని లెక్క వేశారు: 5 వోల్టులకి 1 మిల్లీయాంపియర్ కావాలంటే మొత్తం 5 కిలో ఓమ్. మీటరు కాయిలు దాదాపు 100 ఓమ్, రెసిస్టరు 4.7 కిలో, మిగతా 200 ప్రీసెట్‌లో. కాగితం మీద సరిపోయింది. అయితే అదే కాగితం మొబైల్ చార్జరు, యూఎస్‌బీ కేబులుతో నడపమంటుంది. నానోలో యూఎస్‌బీ దారిలో ఒక డయోడు ఉంటుంది. అది కొంత మింగేశాక బోర్డుకి మిగిలేది 4.7 వోల్టుల చుట్టుపక్కల. ప్రీసెట్ పూర్తిగా సున్నాకి తిప్పినా సర్క్యూట్లో 4.8 కిలో ఓమ్ ఉంది కాబట్టి కరెంటు 0.98 మిల్లీయాంపియర్ దాటదు. అంటే ముల్లు ఎంత తోసినా 59 గీత కూడా తాకదు. మీటరు చెడిపోయిందని వెనక్కి తెచ్చేవాళ్లలో సగం మందికి ఉండే జబ్బు ఇదే అయి ఉండాలి.

అంతటితో అయిపోలేదు. లాప్‌టాప్‌కి పెట్టి ప్రీసెట్లు సరిచేసి, తర్వాత గోడ దగ్గర వేరే చార్జరుకి మారిస్తే లెక్క మళ్లీ మారుతుంది. బోర్డు మీద 4.7 వోల్టులు కాస్తా 4.5 అయితే, 50 నిమిషాలు చూపించాల్సిన ముల్లు 48 దగ్గర నిలబడుతుంది. లోపల డీఎస్3231 ఏడాదికి మహా అయితే ఇంచుమించు ఒక నిమిషం తప్పే చిప్పు. బయట ముల్లు రెండు నిమిషాలు తప్పు చూపిస్తుంటే ఆ చిప్పు పెట్టి ఏం లాభం?

మందు చవకే. 4.7 కిలో తీసేసి 3.9 కిలో ఓమ్ రెసిస్టర్లు, 500 బదులు 2 కిలో ఓమ్ మల్టీటర్న్ ప్రీసెట్లు వేయండి. మామూలు ప్రీసెట్ గోరంత కదిలినా ముల్లు గీత దాటేస్తుంది, మల్టీటర్న్ అయితే నెమ్మదిగా కుదురుతుంది. యూఎస్‌బీ మానేసి 9 వోల్టుల అడాప్టరు తెచ్చి, ప్లస్ బోర్డు మీద విన్ (VIN) అని రాసున్న పిన్నుకి, మైనస్ గ్రౌండుకి ఇవ్వండి. బోర్డు మీదున్న రెగ్యులేటరు 5 వోల్టులు నిలకడగా ఇస్తుంది. అది కచ్చితంగా 5.00 కానక్కర్లేదు, రోజూ ఒకేలా ఉంటే చాలు, మిగతాది ప్రీసెట్ చూసుకుంటుంది.

రెండోది క్లాక్ మాడ్యూలు. చిప్పు ఎంపికకి షాపువాళ్లని మెచ్చుకోవాలి. డీఎస్1307 అనే చవక చిప్పు పెట్టి డబ్బు మిగుల్చుకోలేదు. దానితో వాడే మామూలు గడియారం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండి, వేడెక్కేకొద్దీ వెనకబడుతుంది. 40 డిగ్రీలకి రోజుకి ముప్పావు సెకను దాకా పోతుంది. తిరుపతి మే నెల సంగతి తెలిసిందే కదా. డీఎస్3231 తన వేడిని తానే కొలుచుకుని సర్దుకుంటుంది. తప్పంతా బ్యాటరీలో ఉంది. మాడ్యూలు మీద చార్జింగ్ దారి ఒకటి ఉంటుంది, అది ఎల్ఐఆర్2032 అనే చార్జింగ్ సెల్లు కోసం. కిట్‌లో ఇచ్చేది మామూలు సీఆర్2032. చార్జి కాకూడని సెల్లుకి రాత్రింబవళ్లు చార్జింగ్ ఎక్కితే ఉబ్బుతుంది, కారుతుంది. సెల్లు పెట్టేముందే 201 అని రాసున్న చిన్న రెసిస్టర్ని సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీసేయండి. టైము నిలుపుకోవడానికి దానితో పనిలేదు. ఈ ఒక్క మాట కాగితంలో లేకపోవడం మాత్రం క్షమించరానిది.

స్టిక్కర్ల ప్రింటు బాగుంది, అతికించమన్న తీరు బాగాలేదు. పాత డయల్ మీదే అతికించమన్నారు. ఎండకి అంచు లేచిందంటే ముల్లుకి తగిలి ఆపేస్తుంది. డయల్ రేకు రెండు చిన్న స్క్రూలతో ఉంటుంది. విప్పి, తిరగేసి, తెల్లగా ఉన్న వెనక వైపు అతికించి, అంచులు బ్లేడుతో రేకు కొలతకి కోయండి. ఆ స్క్రూలు విప్పేటప్పుడు జాగ్రత్త, లోపలి అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని తటాలున లాక్కుంటుంది, ముల్లు వంగేది అప్పుడే. మీటరు తెరిచి ఉండగా ఆ బల్ల మీద ఇనుము ఆకురాయి పట్టకండి. ఇనుప రజను అయస్కాంతం సందులోకి పోతే మళ్లీ రాదు.

గంటల స్టిక్కర్లో ఇంకో పొరపాటు ఉంది: 12 కుడి చివర మాత్రమే ఉంది, ఎడమ చివర సున్నా. పన్నెండున్నరకి ముల్లు ఎక్కడుండాలి? సున్నాకీ ఒకటికీ మధ్య. చూసేవాళ్లకి అది అర్ధగంటలా కనిపిస్తుంది. ఎడమ చివర కూడా 12 అని రాసేస్తే గొడవ తీరిపోతుంది.

ప్రోగ్రాము పనిచేస్తుంది. ఎక్కించేటప్పుడు ఎర్రర్ వస్తే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్ మెనూలో ఓల్డ్ బూట్‌లోడర్ ఎంచుకోండి, ఈ రకం నానోలకి చాలాసార్లు అదే కావాలి. టైము పెట్టే లైను ఒకసారి నడిచాక తీసేసి మళ్లీ ఎక్కించాలి, లేదంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాము కంపైలైన నాటి టైముకే పోతుంది. 59 నుంచి సున్నాకి సెకన్ల ముల్లు ఒక్కసారిగా పడి నిమిషానికోసారి టక్కుమని కొట్టుకుంటుంది. అర సెకనులో పది మెట్లుగా దించేలా నాలుగు లైన్లు చేరిస్తే చప్పుడు ఉండదు. గంటల ముల్లు ఇంకా నున్నగా జరగాలని మోజుంటే 9, 10 పిన్నుల మీద 10 బిట్ (ముల్లు దారికి ఇంకా ఎక్కువ మెట్లు) పెట్టుకోవచ్చు, కంటికైతే పెద్ద తేడా తెలియదు.

సరిచూడటం పెట్టెలో బిగించాకే చేయండి. ఇనుప రేకు మీద బిగిస్తే మీటరు చదువు కాస్త మారుతుంది. ముందు కరెంటు తీసి, ముందున్న స్క్రూతో ముల్లుని సున్నాకి తేవాలి. తర్వాత బటన్ నొక్కి పట్టుకుంటే ప్రోగ్రాము మూడు ముళ్లనీ చివరికి పంపుతుంది, అప్పుడు ప్రీసెట్లు తిప్పాలి. అద్దం మీద వేలితో మెల్లగా తట్టి, ఎదురుగా నిలబడి చూడాలి. చివర కుదిరినా మధ్యలో తప్పుతుంది, కంగారు పడొద్దు. డయల్ మీద 2.5 అని ఉందంటే పూర్తి స్కేలులో రెండున్నర శాతం దాకా తేడా ఉండొచ్చని, నిమిషాల్లో అది ఒకటిన్నర. 0 నుంచి 60 దాకా అయిదేసి నిమిషాలకి పదమూడు విలువలు చూసి రాసుకుని ప్రోగ్రాములో పట్టికగా పెడితే ముల్లు గీత మీదే నిలుస్తుంది. అద్దం పొడి గుడ్డతో తుడవకండి, స్టాటిక్ పట్టి ముల్లు అద్దానికి అతుక్కుపోతుంది. అతుక్కుంటే, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసిన తడి గుడ్డతో తుడిస్తే వదులుతుంది.

కరెంటు పోయినప్పుడు ఒక చిక్కుంది. మూడు ముళ్లూ సున్నాకి పడతాయి, అంటే గడియారం ఠంచనుగా పన్నెండు గంటలు చూపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు అది నమ్మి భోజనానికి లేస్తారు. గంటల స్కేలుని కొంచెం కుదించి ఎడమ చివర ఖాళీ వదిలి, ప్రోగ్రాముని దానికి తగ్గట్టు మార్చి, ఆ ఖాళీలో కరెంటు లేనప్పుడు ముల్లు నిలిచే చోట ఒక ఎర్ర గీత గీయండి. ముల్లు ఆ గీత మీద ఉంటే కరెంటు లేదని అర్థం.