రెండ్రోజుల్లో పేపర్ యాక్సెప్ట్ చేసే జర్నళ్లతో జాగ్రత్త, నేను మునిగాను

పేపర్ పంపమని అడిగే ఆ జర్నళ్ల మెయిళ్లు మీకూ రోజూ వస్తూనే ఉంటాయి, పరిచయం అక్కర్లేదు. "మీ విశిష్ట పరిశోధన చదివి ముగ్ధులమయ్యాం, వచ్చే సంచికకి ఒక్క పేపర్ తక్కువైంది, శుక్రవారం లోపు పంపగలరు." నా పాత పేపర్ శీర్షిక వేరే ఫాంట్‌లో, అతికించినట్టు కనబడుతూనే ఉంది. అయినా పంపాను. థీసిస్ గడువు దగ్గరపడింది, రెండు మంచి జర్నళ్లు అప్పటికే తిప్పి పంపాయి, ఆ టెన్షన్‌లో బుద్ధి గడ్డి తింది.

ఆదివారం రాత్రి పంపితే మంగళవారం పొద్దున్నకల్లా యాక్సెప్ట్. ఇద్దరు రివ్యూయర్లు చదివారట! మూడో పేజీలో "ఇక్కడ గ్రాఫ్ పెట్టాలి" అని నా కోసం నేను ఎర్ర అక్షరాల్లో రాసుకున్నది తీసేయడం మర్చిపోయాను, అది ఆ ఇద్దరిలో ఒక్కరి కంటా పడలేదు. అంతకుముందు ఎక్కడా మాటవరసకైనా చెప్పని ఫీజుకి ఇన్వాయిస్ మాత్రం అదే మెయిల్‌కి తగిలించి పంపారు.

పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని మర్యాదగానే రాశాను. దానికి వచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. మా సంపాదకులు మీ పేపర్ మీద ఎంతో సమయం ఖర్చుపెట్టారు, వెనక్కి కావాలంటే విత్‌డ్రాయల్ ఫీజు కట్టండి, లేకపోతే మీ సంస్థకి ఫిర్యాదు చేస్తాం అని. పొద్దున "విశిష్ట శాస్త్రవేత్త"ని, మధ్యాహ్నానికి బాకీ ఎగ్గొట్టేవాళ్లలో ఒకరిని! గైడ్ గారికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అని భయపడి కట్టేశాను. ఫెలోషిప్‌లో సగం పోయింది. రసీదు క్షణాల్లో వచ్చింది, ఆ సాయంత్రమే పేపర్ కూడా వచ్చింది, వాళ్ల వెబ్‌సైట్‌లో! కాపీరైట్ ఫారం మీద నేను సంతకం పెట్టలేదు, ప్రూఫ్ చూడలేదు. ఎర్ర అక్షరాలతో సహా అలాగే ఎక్కించారు, పైన నా పేరు, పక్కన గైడ్ గారి పేరు. తీసేయమని నాలుగు మెయిళ్లు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఒకసారి అచ్చయిన పేపర్‌ని మంచి జర్నల్ ఏదీ తీసుకోదు కదా, మూడేళ్ల డేటా అక్కడ ఇరుక్కుపోయింది.

విచిత్రం ఏంటంటే, 2013లో "సైన్స్" పత్రిక విలేకరి జాన్ బొహానన్ కావాలని తప్పులు పెట్టి అల్లిన పేపర్‌ని 304 జర్నళ్లకి పంపితే 157 ఒప్పుకున్నాయన్న సంగతి జూనియర్లకి నవ్వుతూ చెప్పేది నేనే.

ఇంతకీ చెప్పాల్సింది: వెబ్‌సైట్‌లో స్కోపస్ (పరిశోధన జర్నళ్ల సూచిక) లోగో ఉంటే నమ్మకండి, స్కోపస్‌లోకి, డీఓఏజే (ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా) లోకి మీరే వెళ్లి వెతకండి. ఐఎస్ఎస్ఎన్ ఉంటే అది మంచి జర్నల్ అని కాదు, అది జర్నల్ని గుర్తుపట్టడానికి ఇచ్చే వట్టి నంబరు. "గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్" లాంటివి కనబడితే పారిపోండి, జర్నల్ పేపర్లని ఇతరులు సగటున ఎంత ఉటంకిస్తున్నారో చెప్పే అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇచ్చేది క్లారివేట్ అనే సంస్థ. ఆ మెయిళ్లలో అన్‌సబ్‌స్క్రైబ్ కూడా నొక్కొద్దు, ఈ అడ్రస్ చూసేవాళ్లున్నారని వాళ్లకి తెలిసిపోతుంది, స్పామ్‌లో పడేయండి.

ఇది రాస్తుండగానే ఇంకోటి వచ్చింది. ప్రసూతి వైద్యం జర్నల్‌కి ఎడిటోరియల్ బోర్డు సభ్యత్వం ఇస్తారట. నా సబ్జెక్టు కాంక్రీటు పగుళ్లు. ఏ పేపర్ చదివి ముగ్ధులయ్యారా అని చూస్తే, ఆ ఎర్ర అక్షరాలదే.