పెద్ద సంయుక్త సంఖ్యను విడగొట్టాలంటే: వరుస భాగహారమా, పొలార్డ్ రో పద్ధతా?

వరుస భాగహారం: 2, 3, 5, 7 అంటూ భాగిస్తూ పోవడమే. కాగితం, కలం చాలు. ఎక్కడిదాకా చూశామో ఆ లోపు కారణాంకం లేదని గ్యారంటీ.

పొలార్డ్ రో (బ్రిటిష్ గణితజ్ఞుడు జాన్ పొలార్డ్, 1975): ఒక విలువతో మొదలుపెట్టి, ఒకే సూత్రంతో వరుసగా సంఖ్యలు పుట్టిస్తూ, వాటి తేడాలకూ మన సంఖ్యకూ ఉమ్మడి కారణాంకం వెతకడం. కొద్దిపాటి ప్రోగ్రామ్ రాయాలి. గ్యారంటీ లేదు, దొరక్కపోతే మొదటి విలువ మార్చి మళ్లీ నడపాలి.

అసలు తేడా శ్రమలో ఉంది. భాగహారానికి సుమారు కారణాంకమంత పని, రోకి దాని వర్గమూలమంతే! ఐదో ఫెర్మా సంఖ్య (2^(2^n) + 1 రూపంలోని సంఖ్య, ఇక్కడ n = 5) 4294967297కి 641 కారణాంకమని 1732లోనే ఆయిలర్ చేత్తో పట్టుకున్నాడు. 78 అంకెల ఎనిమిదో ఫెర్మా సంఖ్య (n = 8) అలా లొంగలేదు. దాని చిన్న కారణాంకం 1238926361552897. 1980లో గణితజ్ఞుడు రిచర్డ్ బ్రెంట్, పొలార్డ్ ఇద్దరూ కలిసి రో పద్ధతికే మెరుగులు దిద్ది దాన్ని సాధించారు. నాకెంతో ఇష్టమైన ఫలితమిది.

కారణాంకం ఐదారు అంకెల్లోపైతే భాగహారమే హాయి. పదిహేను, ఇరవై అంకెల దాకా రో. వంద అంకెలు దాటిన రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమైతే ఈ రెండూ చేతులెత్తేస్తాయి.