కౌజు పిట్టలకి నిపుల్ డ్రింకర్ కిట్: తీసుకోవచ్చు, కానీ అమ్మేవాడి మాట నమ్మి కాదు

కౌజు పిట్టలకి నిపుల్ డ్రింకర్ (నీళ్ల పైపుకి బిగించే చిన్న పిన్ను వాల్వ్, పిట్ట ముక్కుతో తోస్తే చుక్క రాలుతుంది) కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి నా మాట ఒక్కటే, కొనండి. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పే "ఒకసారి బిగిస్తే ఇక చూస్కోనక్కర్లేదు" అనే డైలాగ్ మాత్రం పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఈ కిట్ చేసేది నీళ్లలో రెట్ట పడకుండా ఆపడం వరకే, ఆ నీళ్లని శుభ్రంగా ఉంచే పని మొత్తం మనదే, పైగా పైపు లోపల ఏం పేరుకుంటుందో కంటికి కనపడదు కాబట్టి పాత డబ్బాల టైంలో కన్నా ఇంకాస్త ఎక్కువే చూసుకోవాలి. నా రేటింగ్ ఐదుకి మూడున్నర. మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద చెప్తా.

మాది నల్గొండ దిక్కు, బోరు నీళ్లు, బకెట్ ఆరబెడితే అడుగున తెల్లగా మచ్చ మిగిలే టైపు నీళ్లు. గుడ్ల పిట్టలు కేజ్‌లో, మాంసం బ్యాచ్‌లు కింద వరి ఊక మీద, బయట కొన్ని గిన్ని కోళ్లు. ఇంకోటి, కౌజు అనగానే అడవిలో వల వేసి పట్టేది అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అడవి పిట్టని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఫారాల్లో పెంచేది జపనీస్ క్వెయిల్, 1974లో మన దేశానికి తెచ్చి ఉత్తరప్రదేశ్ ఇజ్జత్‌నగర్‌లో పరిశోధన మొదలుపెట్టిన రకం. ఈ రెండూ వేరు, కొనేవాడు అడిగితే ఇదే చెప్పండి.

ముందు పాత పద్ధతి గురించి. ఎర్ర ప్లేట్, తెల్ల డబ్బా బోర్లించే డ్రింకర్ అందరికీ తెలిసిందే, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కోళ్లకి ఫర్వాలేదు, కౌజు పిట్టలతో నరకం. ఇవి కాళ్లతో ఊకని గీకి గీకి ఎగరేస్తాయి, పొద్దున నింపిన ప్లేట్ పది గంటలకల్లా ఊక, దాణా పిండి, రెట్ట కలిసిన జావ అయిపోతుంది, అదే తాగుతాయి. చుట్టూ ఊక తడిసి ముద్ద అవుతుంది, ఆ తడికి అమ్మోనియా వాసన, లోపలికి వెళ్తే మన కళ్లే మండుతాయి, ఇక నేలకి జానెడు ఎత్తులో ఉండే పిట్ట సంగతి చెప్పాలా. అసలు భయం రోగంది. కౌజుల్లో వచ్చే అల్సరేటివ్ ఎంటరైటిస్, పేరే "క్వెయిల్ డిసీజ్" అని పడిపోయింది దానికి, క్లాస్ట్రిడియం కోలినం అనే బాక్టీరియా వల్ల వస్తుంది, జబ్బు పిట్ట రెట్ట కలిసిన నీళ్లు, దాణా ద్వారానే మిగతా వాటికి అంటుకుంటుంది. తెల్లగా నీళ్ల విరేచనాలు, ముడుచుకుని కూర్చోవడం, కొన్నిసార్లు ఏ లక్షణం లేకుండానే టపటపా చావడం. దాని స్పోర్లు, అంటే గట్టి పొరలో దాక్కునే బాక్టీరియా రూపం, చాలా కాలం చావవు, ఒకసారి షెడ్‌లోకి వచ్చిందంటే వదిలించుకోవడం కష్టం. రెట్టకి, తాగే నీళ్లకి మధ్య లింకు తెంపడం కోసమే నిపుల్ కొనాలి, మిగతా లాభాలన్నీ బోనస్.

కిట్‌లో వచ్చేవి: ముందే బెజ్జాలు కొట్టిన తెల్ల పైపు ముక్కలు, థ్రెడ్ నిపుల్స్, కింద తగిలించే చిన్న డ్రిప్ కప్పులు, ఫ్లోట్ ఉన్న చిన్న హెడ్ ట్యాంక్, ఒక ఎండ్ క్యాప్, ఎల్బోలు. బిగించడం పెద్ద విద్యేం కాదు, టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో తిప్పి బిగించడమే, పానా పెట్టి లాగితే ప్లాస్టిక్ థ్రెడ్ పోతుంది. నిపుల్ కొనేటప్పుడు చూడాల్సింది, పిన్ను అన్ని వైపులా కదలాలి. పైకి నొక్కితేనే నీళ్లు వచ్చే రకం పెద్ద కోళ్లకి, కౌజు పిట్ట ముక్కుతో పక్కకి తోస్తుంది, పక్కకి తగిలినా చుక్క రాలాలి. పిన్ను స్టీల్‌ది తీసుకోండి, మొత్తం ప్లాస్టిక్ నిపుల్స్ సగం ధరకి వస్తాయి కానీ కొన్నాళ్లకే కారడం మొదలు.

ఇప్పుడు అసలు గొడవ, ప్రెజర్. మాన్యువల్ అని ఒక కాగితం ఇచ్చారు, దాంట్లో "ట్యాంకుకి కనెక్ట్ చేయండి" అని ఉంది అంతే, ఏ ట్యాంకు, ఎంత ఎత్తు, ఏమీ లేదు. మేడ మీద సింటెక్స్ నుంచి డైరెక్ట్‌గా ఇస్తే పదిహేను అడుగుల ఎత్తు నీళ్ల బరువు మొత్తం నిపుల్ మీద పడుతుంది, పిన్ను బిగుసుకుపోయి చిన్న పిట్ట తోస్తే కదలదు, కదిలితే జెట్ లాగా కొట్టి కింద ఊక తడుస్తుంది. అందుకే మధ్యలో ఆ చిన్న హెడ్ ట్యాంక్, అది లైన్‌కి ఒకటి రెండు అడుగుల ఎత్తులో ఉంటే చాలు. లైన్ లెవెల్‌గా ఉండాలి, మధ్యలో జారితే గాలి బుడగ ఇరుక్కుని చివరి నిపుల్స్‌కి నీళ్లు అందవు, పైపులో నీళ్లు ఉన్నట్టే అనిపిస్తుంది, చివర ఉన్న పిట్టలు మాత్రం ఎండుతుంటాయి. దీనికి చివర ఒక పారదర్శకమైన ట్యూబు నిలువుగా పెట్టుకోవాలి, గాలి బయటికి పోతుంది, నీళ్ల మట్టం కూడా కనిపిస్తుంది, పది రూపాయల ట్యూబు అది, కిట్‌లో ఇవ్వడానికి వాళ్లకేం పోయేదో అర్థం కాదు. ఇక్కడ అర స్టార్ కట్.

ఎత్తు సంగతి కూడా. పిట్ట మెడ కొంచెం పైకి చాచి తాగేలా ఉండాలి, వంగి తాగితే నీళ్లు పక్కకి కారతాయి. పెరిగే కొద్దీ లైన్ పైకి జరపాలి కాబట్టి గోడకి గట్టిగా క్లాంప్ కొట్టకుండా తాడుతో వేలాడదీయండి. ఒక నిపుల్‌కి పది పిట్టలకి మించి వద్దు, ఎండాకాలం ఇంకా తక్కువ.

పిల్లల విషయానికొస్తే, కిట్ వచ్చిన అట్టపెట్టె మీద "మొదటి రోజు నుంచి" అని రాసుంది, నేను ఒప్పుకోను. పుట్టినప్పుడు కౌజు పిల్ల బరువు ఆరు నుంచి ఎనిమిది గ్రాములు, బొటనవేలంత ఉంటుంది, దానికి ఆ పిన్ను తోయాలని తెలియదు, తెలిసినా బలం చాలదు. మొదటి వారం చిన్న డబ్బా డ్రింకర్లే పెట్టండి, ప్లేట్ గాడిలో గోలీలో గులకరాళ్లో వేయండి, లేకపోతే పిల్లలు అందులో పడి తడిసి చలికి చస్తాయి, మునిగి చచ్చేవి కూడా ఉంటాయి. నాలుగో ఐదో రోజు నుంచి నిపుల్ లైన్ కూడా దించి రెండూ పక్కపక్కన ఉంచితే నిపుల్ ఎర్ర రంగు చూసి వాటంతట అవే పొడుస్తాయి, అన్నీ నేర్చుకున్నాయి అనిపించాక డబ్బాలు తీసేయొచ్చు. ఆ డ్రిప్ కప్పులు మాత్రం ఈ వయసులో తగిలించొద్దు. కప్పులో నిలిచే నీళ్లలో దాణా పిండి పడి రెండో రోజుకి జిగట, మనం ఏ కష్టం తప్పించుకుందామని నిపుల్ కొన్నామో అదే మళ్లీ చిన్న సైజులో తిరిగొస్తుంది. కేజ్‌లో పెద్ద పిట్టలకి, కింద అంతస్తు మీద చుక్కలు పడకుండా ఉండటానికి ఓకే, అది కూడా వారానికోసారి తుడిస్తేనే.

మా దిక్కు అసలు పరీక్ష ఉప్పు నీళ్లే. నిపుల్ లోపల ఉండేది చిన్న సీటు, చిన్న బంతి, ఇసుక రేణువు ఇరుక్కుంటే కారుతూనే ఉంటుంది, సున్నం పేరుకుంటే మూసుకుపోతుంది. ఇసుకకి డ్రిప్ సేద్యానికి వాడే స్క్రీన్ ఫిల్టర్ చాలు, దాని తర్వాత ఆర్‌ఓ మెషీన్‌కి ముందు పెట్టే తెల్ల కాట్రిడ్జ్ ఒకటి పెడితే తుప్పు, మట్టి కూడా ఆగుతాయి. చాలామంది ఫిల్టర్ పెట్టాం కదా ఇంకా సున్నం ఎందుకు పడుతుంది అంటారు, నీళ్లలో కరిగిపోయి ఉన్న కాల్షియం ఏ జల్లెడలోనూ ఆగదు బాబూ. దానికి బ్యాచ్ అయిపోయి షెడ్ ఖాళీగా ఉన్నప్పుడు సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు లైన్‌లో ఒక రాత్రి నింపి ఉంచి పొద్దున్నే వదిలేయాలి, కిరాణా షాపుల్లో నిమ్మ ఉప్పు అని అమ్ముతారు, అదే. ఒక్క జాగ్రత్త, బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన షెడ్‌లో ప్రాణం మీదకి వస్తుంది. ఒకటి పూర్తిగా కడిగేశాకే ఇంకోటి.

నల్గొండ అనగానే ఫ్లోరైడ్ అడుగుతారు. మనుషులకి లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటొద్దని ప్రమాణం ఉంది, కోడి జాతి పక్షులు పశువుల కన్నా దాన్ని బాగా తట్టుకుంటాయి, ఐదారు వారాల్లో కోతకి పోయే పిట్ట విషయంలో నేను ఫ్లోరైడ్ కన్నా ముందు బాక్టీరియా టెస్ట్ గురించే ఆలోచిస్తా. బోరు పక్కనే ఎరువు కుప్ప ఉంటే మరీను. ఒకసారి నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చి చూపించుకోండి, గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులు జిల్లాల్లో ఉన్నాయి.

క్లోరిన్ కలపడం తేలికే కానీ లెక్క కావాలి. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది, వెయ్యి లీటర్లకి పది పన్నెండు గ్రాములు వేస్తే మూడు నాలుగు పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దగ్గర తేలుతుంది. డైరెక్ట్‌గా ట్యాంకులో చల్లకండి, బకెట్‌లో కలిపి సున్నం అడుగుకి దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పోయండి, లేకపోతే ఆ తెల్ల పిండంతా నిపుల్స్‌లోకే పోతుంది. తెరిచి పెట్టిన ప్యాకెట్‌కి నెల తిరిగేసరికి పవర్ ఉండదు. నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం ఎంతుందో చెప్పే కొలత) ఎనిమిది దాటితే క్లోరిన్ సరిగా పని చేయదు, మా బోరు లాంటి నీళ్లకి ఇది కూడా చూసుకోవాలి. కొలవాల్సింది కూడా ట్యాంకు దగ్గర కాదు, లైన్ చివరి నిపుల్ దగ్గర, అక్కడ క్లోరిన్ సున్నా వస్తుందంటే మధ్యలో పైపు గోడకి పట్టిన జిగటే దాన్ని తినేస్తుందన్నమాట. నీళ్లలో వ్యాక్సిన్ ఇచ్చే రోజుంటే ముందే క్లోరిన్ ఆపేయాలి, లేకపోతే వ్యాక్సిన్ చచ్చిపోతుంది, లీటరుకి రెండు మూడు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపేది కూడా అందుకే.

ఆ జిగట గురించి ఇంకో మాట. పిల్లలు రాగానే బెల్లం నీళ్లో గ్లూకోజో ఇవ్వడం మన అందరికీ అలవాటు, ఎండలకి ఎలక్ట్రాల్, విటమిన్ సి, ఇంకేవేవో టానిక్కులు. ఇవన్నీ నిపుల్ లైన్‌లో పోస్తే పిట్ట కన్నా ముందు పైపులో ఉన్న బాక్టీరియాకి పండగ. తీపి ఏదైనా డబ్బా డ్రింకర్‌లో ఇవ్వండి. మందు తప్పనిసరిగా లైన్‌లోనే ఇవ్వాల్సి వస్తే కోర్సు అయిన రోజే గట్టిగా ఫ్లష్ చేయండి. ఫ్లష్ చేయాలంటే చివర వాల్వ్ ఉండాలి, కిట్‌లో ఎండ్ క్యాప్ ఇచ్చారు, అది సొల్యూషన్ పెట్టి అతికించేస్తే లైన్ జన్మలో కడగలేం. ఇది డిజైన్ చేసినవాడు ఒక్క బ్యాచ్ కూడా పెంచి ఉండడు. క్యాప్ పక్కన పడేసి చిన్న బాల్ వాల్వ్ పెట్టుకోండి. ఇంకో అర స్టార్ ఇక్కడ పోయింది.

మే నెలలో రేకుల షెడ్ కింద పైపులో నీళ్లు టీ పెట్టుకునేలా ఉంటాయి. వేడి నీళ్లు పిట్ట తాగదు, తాగకపోతే తినదు, గుడ్లు పడిపోతాయి, వడదెబ్బకి చస్తాయి. డబ్బాలో అయితే చల్లనివి పోసి మార్చేస్తాం, నిపుల్‌లో ఆ సౌలభ్యం లేదు. మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు చివరి వాల్వ్ తెరిచి వేడి నీళ్లు వదిలేసి కొత్త నీళ్లు రానివ్వాలి, ట్యాంకుకి తడి గోనె పట్టా చుట్టాలి, ఎండ తగిలే పైపుకి ఏదో ఒకటి కప్పాలి. పైపు తెల్లదైనా పల్చగా ఉంటే వెలుతురు దూరి లోపల పచ్చగా పాచి పడుతుంది, కొనేటప్పుడే టార్చ్ వెలుగు పెట్టి చూడండి, అవతలికి కనిపిస్తే వద్దు.

కిట్‌లో నాకు బాగా నచ్చినది ఎవరూ చెప్పనిది, ఆ హెడ్ ట్యాంక్. దానికి మార్కర్‌తో లీటర్ల గీతలు గీసుకుని, ఫ్లోట్ మూసేసి రోజుకి ఇంత అని పోస్తే ఎన్ని నీళ్లు తాగాయో లెక్క తెలుస్తుంది. మామూలుగా తిన్న దాణాకి రెండింతలు నీళ్లు తాగుతాయి, అంటే వంద పెద్ద పిట్టలకి ఐదు లీటర్ల చుట్టుపక్కల, ఎండల్లో బాగా ఎక్కువ. ఉన్నట్టుండి తగ్గిందంటే లైన్ మూసుకుపోయిందన్నా అయ్యుండాలి, రోగం వస్తోందన్నా అయ్యుండాలి, చావులు మొదలయ్యే ముందే తెలుస్తుంది. డబ్బాలతో సగం ఒలికిపోతుంది కాబట్టి ఈ లెక్క ఎప్పటికీ రాదు.

గిన్ని కోళ్లకి మాత్రం ఈ కిట్ వద్దే వద్దు, బయట తిరిగే పక్షులు, నిపుల్ దగ్గరికి రావు, వచ్చినా కప్పులు పొడిచి పొడిచి ఊడగొడతాయి. వాటికి గంట ఆకారంలో ఉండే బెల్ డ్రింకర్ వేలాడదీసి రోజూ కడుక్కోవడమే. ఇంటి వెనక పది పదిహేను కౌజులు సరదాకి పెంచుకునేవాళ్లకి కూడా ఇంత హంగామా అనవసరం, ప్లాస్టిక్ బాటిల్ అడుగున రెండు నిపుల్స్ బిగించి నిలువుగా వేలాడగట్టి పైన ఒక బెజ్జం పెడితే అయిపోతుంది.

చివరి అర స్టార్ స్పేర్స్ దగ్గర పోయింది. అదే షాపులో మళ్లీ ఆర్డర్ పెడితే వేరే థ్రెడ్ నిపుల్స్ వచ్చాయి, పాత పైపుకి పట్టలేదు, ఫోన్ చేస్తే "కొత్త మోడల్ సార్, పైపు కూడా మార్చుకోండి" అన్నారు. కాబట్టి మొదటి ఆర్డర్‌లోనే పదో ఇరవయ్యో నిపుల్స్ అదనంగా తీసుకుని పక్కన పెట్టుకోండి, వాటితో పాటు రబ్బరు వాషర్లు కూడా, అవి విడిగా ఎక్కడా దొరకట్లేదు.