40 పౌండ్ల చెక్క విల్లు కొన్నా, మీరు మాత్రం 25తో మొదలెట్టండి

బెజవాడలో ఆర్చరీ అంటే అందరికీ జ్యోతి సురేఖ గారి కాంపౌండ్ విల్లే గుర్తొస్తుంది, చక్రాలూ సైటూ ఉండేది. నాకేమో అవేవీ లేని చెక్క విల్లు మీద మోజు. వేటగాళ్ల వీడియోలు చూసి చూసి ఆఖరికి ఆన్‌లైన్లో ఒక టేక్‌డౌన్ రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండే విల్లు) తెప్పించా, పొడవు 62 అంగుళాలు, నారి లాగడానికి 40 పౌండ్ల బలం కావాలి, 3 ముక్కలుగా ఊడొస్తుంది కాబట్టి బ్యాగులో పడేసి బండి మీద నున్నలో మా మావయ్య మామిడి తోటకి పట్టుకెళ్లిపోవచ్చు. 5 నెలలు వాడాక రాస్తున్నా. జంతువుల జోలికెళ్లేది లేదులెండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, మేం గురిపెట్టే పంది గోనెసంచిలో పాతబట్టలు కుక్కి కుట్టింది.

విల్లు పనితనానికి వంక పెట్టలేం. తేడా కొట్టింది ఆ 40 దగ్గరే. అమ్మినతను "వేటకి కనీసం ఇదుండాలి సార్" అన్నాడు. నిజమే, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో జింక వేటకి 40 ఉండాలని రూల్, కానీ అది ఏళ్ల తరబడి లాగి చెయ్యి తిరిగినోళ్లకి, పొద్దస్తమానం కీబోర్డు కొట్టుకునే నాకు కాదు. పైగా ఆ 40 అనేది 28 అంగుళాలు లాగితే వచ్చే లెక్క. నా బార 72 అంగుళాలు, 2.5తో భాగిస్తే నేను నారి లాగే దూరం దాదాపు 29, అంటే ఇంకో 2, 3 పౌండ్లు అదనం. పదో బాణానికే భుజం వణికేది, నారి బుగ్గ దాకా రాకముందే వదిలేసేవాణ్ని, ఇక సాయంత్రమంతా ఆకుల్లో బాణాలు వెతుక్కోవడమే.

నారి కూడా వదులుగా వచ్చింది. గ్రిప్ లోతు నుంచి నారికి ఏడున్నర, ఎనిమిది అంగుళాలుండాల్సింది ఆరున్నరే ఉంది, వదిలినప్పుడల్లా ఠంగుమని మోత, ముంజేతికి చెళ్లున దెబ్బ. ఆర్మ్‌గార్డ్ లేకుండా మొదలెట్టా కదా, వారం రోజులు చెయ్యి వంకాయ రంగులో ఉంది, అమ్మ పసుపు రాస్తూ "ఈ వయసులో నీకిదేం పిచ్చిరా" అని ఒకటే సణుగుడు. నారి విప్పి ఓ 20 మెలికలు వేస్తే పొట్టిదై మోత తగ్గింది. నారి ఎక్కించడానికి స్ట్రింగర్ అనే తాడు విడిగా కొనండి, విల్లుని కాలి సందున పెట్టి వంచితే లింబ్ (వంగే చెయ్యి) మెలిక పడుతుంది.

రెండో నెలలో 25 పౌండ్ల లింబ్స్ కొన్నా, ఇంకో 5,500. హమ్మయ్య అనుకున్నా, ఈసారి బాణాలన్నీ ఎడమకే. విల్లుతో పాటు ప్యాకేజీలో వచ్చినవి 500 స్పైన్ (బాణం బిరుసుకి కొలత), 25కి మరీ బిరుసు (నంబర్ పెరిగేకొద్దీ బాణం మెత్తన, నేను తిరగేసి అనుకున్నా). 800వి తెప్పించాక దారిలోకొచ్చింది. పాతవాటికి ప్లాస్టిక్ రెక్కలు కూడా, విల్లు షెల్ఫ్ (గ్రిప్ పైన బాణం ఆనే గట్టు) మీంచి నేరుగా వేస్తే తగిలి ఎగిరిపోతాయి, ఈకలున్నవైతే ఒత్తుకుని వెళ్లిపోతాయి. ఫ్రీగా ఇచ్చిన వేట ములుకులు గోనెసంచిని చీల్చేస్తున్నాయి, బీరువాలో పెట్టేశా.

విల్లుకి 4 స్టార్లు, ప్యాకేజీకి రెండున్నర. ఇప్పుడు 12 గజాల్లో 6కి 4 పందికి తగులుతున్నాయి. మొన్న ఆదివారం మా బావమరిదిదీ నాదీ ఒకే చోట గుచ్చుకున్నాయి, ఇంద్రకీలాద్రి మీద అర్జునుడూ కిరాతుడూ కొట్టుకున్నట్టు ముందు నాదంటే నాదని గొడవ, మావయ్యేమో పంది పొట్టలోంచి బయటికొచ్చిన తన పాత లుంగీ చూసుకుంటున్నాడు.