టెన్నిస్ కోర్టు వైపు చూస్తున్న పదిహేను మంది

దసరా రోజుల్లో, ఇక్కడ అమెరికాలో మా వీధి చివరింట్లో పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్ పెడితే చెక్క స్టూలు కోసమని వెళ్లాను. స్టూలుతో పాటు ఐదు డాలర్లకు ఒక బూట్ల డబ్బా కూడా ఇంటికొచ్చింది. అందులో 27 ఫోటోలు ఉన్నాయి. ఆ కాలపు రంగు ప్రింట్లు చాలావాటికి పట్టే జబ్బే వీటికీ పట్టింది, ఆకాశంతో సహా అన్నీ ఎర్రబారిపోయాయి. మెడలో కెమెరాలు, చొక్కాకు పేరు బిళ్లలు, చేతుల్లో మడిచిన కాగితాలతో ఒక గుంపు. చాలా ఫోటోల వెనక పెన్సిలు రాత ఉంది: ‘ఏప్రిల్ 86, సరాట్’, ‘ఏప్రిల్ 86, మడ్’.

పేర్లు చూడగానే అర్థమైంది. అబ్రహాం లింకన్‌ను కాల్చి చంపిన జాన్ విల్క్స్ బూత్ వాషింగ్టన్ నుంచి వర్జీనియా దాకా పారిపోయిన దారిలో బస్సేసుకుని తిరిగే చరిత్ర పిచ్చోళ్లు వీళ్లు. మేరీలాండ్‌లోని సరాట్ హౌస్ మ్యూజియం చుట్టూ చేరిన బృందం అలాంటి రోజంతా టూర్లు ఏళ్ల తరబడి నడిపింది.

ఏప్రిల్లో తెనాలి నుంచి నాన్న వచ్చారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. డబ్బా చేతికివ్వగానే కళ్లజోడు మార్చి, ఒక్కో ఫోటో తీసి చూస్తూ ఒక దగ్గర ఆగిపోయారు. ‘అమ్మాయ్, వీళ్లు దేన్ని చూస్తున్నారే?’

చూస్తే టెన్నిస్ కోర్టు. పదిహేను మంది వరసగా నిలబడి, ఎవరూ ఆడని కోర్టు వైపు గుడిలో నిలబడ్డంత శ్రద్ధగా చూస్తున్నారు. ఆ ఫోటో మమ్మల్ని రోడ్డెక్కించింది. రెండు పగళ్లు, ఒక రాత్రి, మా కారు, రెండు డబ్బాల పులిహోర, ఒక డబ్బా దద్దోజనం.

మొదట వాషింగ్టన్. ఇక్కడికి కారు తీసుకురావడం నా తప్పే. ఫోర్డ్స్ థియేటర్ దగ్గర పార్కింగుకు 26 డాలర్లు వదిలాయి. మెట్రోలో మెట్రో సెంటర్ దగ్గర దిగితే నాలుగడుగులే. టికెట్టు కారుచవక, కాకపోతే టైము ప్రకారం లోపలికి పంపిస్తారు కాబట్టి ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. స్కూలు పిల్లల బస్సులు దిగకముందు, పొద్దున్నే మొదటి బ్యాచ్ మేలు.

1865 ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే రాత్రి పదింబావు ప్రాంతంలో బూత్ ఇక్కడే లింకన్ తల వెనక డెరింజర్ అనే చిన్న పిస్తోలు పెట్టి కాల్చాడు. లింకన్ కూర్చున్న పైఅంతస్తు బాక్సులోంచి స్టేజి మీదికి దూకాడు. స్వయంగా పేరున్న నటుడు కాబట్టి ఆ థియేటర్లో ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వాడికి కంఠతా. నేలమాళిగ మ్యూజియంలో ఆ డెరింజర్ ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. నాన్న దాని ముందు నిలబడి, ‘ఒకే గుండు పట్టేదా ఇది!’ అన్నారు. అవును, ఒకటే.

పైకెళ్లి హాలు చూశాక మాత్రం నాకు కొంచెం నీరసం వచ్చింది. కుర్చీలు, తెరలు, బాక్సు అన్నీ నిగనిగలాడుతున్నాయి. హత్య తర్వాత ఈ భవనాన్ని ప్రభుత్వం ఆఫీసుగా వాడుకుంది. 1893లో లోపలి అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయారు. ఇప్పుడు కనిపించే హాలు పాత ఫోటోలు చూసి మళ్లీ కట్టింది, 1968లో తెరిచారు. బాక్సు ముందు వేలాడే జార్జి వాషింగ్టన్ పటం మాత్రం ఆ రాత్రిదే. లింకన్ కూర్చున్న కుర్చీ మిషిగన్‌లో ఉంది, ప్రాణం విడిచిన మంచం షికాగోలో ఉంది. అక్కడి గైడు, అంటే పార్కు రేంజరు, చెప్పిన కథ బాగుంది, గొంతూ బాగుంది. అయినా సినిమా సెట్టు చూసొచ్చినట్టే అనిపించింది.

ఎదురుగా, కాల్పుల తర్వాత లింకన్‌ను మోసుకెళ్లిన పీటర్సన్ హౌస్‌కు అదే టికెట్టు. ఇది నచ్చింది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని మంచం మీద ఐమూలగా పడుకోబెట్టిన వెనక గది మన పాతిళ్లలో సామాన్ల గదంత ఉంటుంది. తెల్లారి 7 గంటల 22 నిమిషాలకు ఆ గదిలోనే పోయారు. యుద్ధ మంత్రి స్టాంటన్ రాత్రంతా పక్క గదిలో కూర్చుని సాక్షులను విచారించాడు. రెండు గదులకీ మధ్య దూరం కళ్లారా చూస్తే ఆ రాత్రి ఎంత ఇరుకో తెలుస్తుంది. వరస ఆగనివ్వదు, రెండు నిమిషాల్లో బయటికొచ్చేస్తాం.

అక్కణ్ణుంచి పది నిమిషాలు నడిస్తే చైనాటౌన్‌లో మేరీ సరాట్ నడిపిన బోర్డింగ్ హౌస్. కింద చైనీస్ రెస్టారెంటు, గోడకు ఒక ఫలకం. 86 ఫోటోలో ఆ గోడ ముందు నలుగురు ఆడవాళ్లు ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని ఉన్నారు. నాన్నను అక్కడే నిలబెట్టి ఫోటో తీస్తుంటే, డెలివరీ కుర్రాడు సైకిల్ ఆపి మా పని అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. రోజూ చూసే తంతేమో.

టెన్నిస్ కోర్టు కథ ఇక్కడే చెప్పాలి. లింకన్ హత్య కుట్ర కేసులో నలుగురిని 1865 జులై 7న ఉరి తీశారు. అందులో మేరీ సరాట్ ఒకరు, అమెరికా కేంద్ర ప్రభుత్వం ఉరితీసిన మొదటి స్త్రీ. ఆ జైలు ఆవరణ ఇప్పుడు ఫోర్ట్ మెక్‌నెయిర్ సైనిక స్థావరం. ఉరికంబం ఉన్న చోట టెన్నిస్ కోర్టు వచ్చింది. గేటు దగ్గర మామూలు జనాన్ని ఆపేస్తారని తెలిసే వెళ్లలేదు. కారులో కూర్చుని నాన్న ఒక చేత్తో మా ఫోటో, ఇంకో చేత్తో నా ఫోను పట్టుకున్నారు. ఫోన్లో అలెగ్జాండర్ గార్డ్‌నర్ ఆ రోజు తీసిన చిత్రం. ఉరికంబం మీద ఎవరో మేరీ సరాట్‌కు ఎండ తగలకుండా గొడుగు పట్టారు. మా ఫోటోలో నెట్టు, తెల్లగీతలు. నాన్న కాసేపు అటూ ఇటూ చూసి, ‘గొడుగు పట్టి మరీ ఉరేశారా’ అని రెండూ నా ఒళ్లో పెట్టేశారు.

మధ్యాహ్నం మేరీలాండ్ వైపు. ఆ రాత్రి బూత్ నేవీ యార్డ్ వంతెన దాటాడు. కాపలా సార్జెంటు ఆపి పేరడిగితే అసలు పేరే చెప్పాడు, వాడు వదిలేశాడు. అరగంట డ్రైవు చేస్తే క్లింటన్ ఊరు, అప్పట్లో సరాట్స్‌విల్. మేరీ సరాట్ సత్రం ఇప్పుడు మ్యూజియం. 1976లో తెరిచారు. రోజూ తెరవరు, కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసుకోండి.

మొత్తం దారిలో నా ఓటు ఈ ఇంటికే. ఎర్ర చెక్కల మామూలు రెండంతస్తుల ఇల్లు. మేడ మీద, వంటింటి పైన ఉన్న చిన్న కొట్టులో గోడకూ గోడకూ మధ్య సందు చూపించారు. కుట్రదారులు ఇచ్చిన రెండు తుపాకుల్ని అందులో తాళ్లతో వేలాడదీసి దాచారు. బూత్, అతని తోడు హెరాల్డ్ అర్ధరాత్రి వచ్చినప్పుడు ఒకటే పట్టుకెళ్లారు. కాలు విరిగింది, నేను మొయ్యలేనని బూత్ రెండోది వదిలేశాడు. తర్వాత ఆ రెండోది తాడు తెగి సందులో కిందికి జారిపోతే, పోలీసులు గోడ పగలగొట్టి తీశారు. నేను సెల్‌ఫోను లైటు వేసి తొంగి చూశాను. దుమ్ము, పాత ఇటుకల వాసన.

ఇక్కడ మాకు ఇల్లు చూపించిన ఆవిడ, మేరీ దోషా కాదా అని తీర్పు చెప్పలేదు. సత్రం అద్దెకు తీసుకున్న లాయిడ్, ‘తుపాకులు సిద్ధంగా ఉంచమని మేరీ చెప్పింది’ అని సాక్ష్యం ఇచ్చాడు. ఆ రోజంతా అతను తాగే ఉన్నాడు. తొమ్మిది మంది సైనిక న్యాయమూర్తుల్లో ఐదుగురు ఆమెను క్షమించమని సంతకాలు చేశారు. లింకన్ తర్వాత వచ్చిన ప్రెసిడెంట్ జాన్సన్ ఆ కాగితం తన కంట పడనే లేదన్నాడు. ‘మీకేమనిపిస్తుంది?’ అని ఆవిడ నాన్ననే ఎదురడిగింది. నాన్న తన హైస్కూలు ఇంగ్లీషులో పది నిమిషాలు జవాబిచ్చారు. మేం బయటపడేసరికి మూసే వేళయింది.

రాత్రికి వాల్‌డార్ఫ్‌లో 301 హైవే పక్కన ఒక చైన్ హోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది, కిటికీ మాత్రం రోడ్డు మీదకే. ట్రక్కులు తెల్లవార్లూ తిరుగుతూనే ఉన్నాయి. వెనకవైపు గది ఇవ్వమని బుకింగులో రాశాను, కౌంటరు అబ్బాయి అదేదో తనకు సంబంధం లేని సంగతిలా నవ్వాడు. పొద్దున టిఫిన్ అంటే ఒక వాఫుల్ యంత్రం, దాని ముందు క్యూ. నాన్న రెండు అరటిపండ్లు జేబులో వేసుకుని వచ్చేశారు. ఈ దారిలో శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకదు. పోప్స్ క్రీక్ దగ్గర పీతల హోటళ్ల నుంచి వచ్చే వాసన ఘుమఘుమలాడుతుంది, మనకు పనికిరాదు. పులిహోరే గట్టెక్కించింది.

డాక్టర్ మడ్ ఇల్లు పొలాల మధ్య, కంకర దారి చివర. వాషింగ్టన్ నుంచి దాదాపు 30 మైళ్లు గుర్రం మీద వచ్చి, తెల్లవారుజామున నాలుగింటికి బూత్, వెంట ఉన్న హెరాల్డ్ ఈ తలుపు తట్టారు. డాక్టరు బూటు కోసి, విరిగిన ఎడమ కాలికి కట్టు కట్టాడు. ఆ బూటు లోపల ‘జె. విల్క్స్’ అని రాసి ఉండటం అతని కొంప ముంచింది. జీవిత ఖైదు పడి ఫ్లోరిడా చివరి దీవిలోని ఫోర్ట్ జెఫర్సన్‌కు పోయాడు. 1867లో అక్కడ పచ్చజ్వరం వస్తే రోగులకు సేవ చేశాడు, 1869లో క్షమాభిక్ష దొరికింది.

ఈ ఇంట్లో ఆయన నిర్దోషి. వేరే మాట వినిపించదు. ఆయన మనవడు రిచర్డ్ మడ్ 2002లో 101వ ఏట చనిపోయేదాకా తాతకు అంటిన మచ్చ తుడవాలని పోరాడాడు, ఆ పట్టుదల గోడలకు కూడా పట్టినట్టుంది. బూత్‌ను అంతకుముందే కలిసిన సంగతి డాక్టరు మొదట ఎందుకు చెప్పలేదని అడిగాను. వాలంటీరు పెద్దావిడ నా భుజం తట్టి, జైల్లో ఆయన తన చేత్తో చేసిన బల్ల చూపించింది. పనితనం అద్భుతం. జవాబు మాత్రం రాలేదు. అయినా వెళ్లి తీరాలంటాను. 86 ఫోటోలో జనం నిలబడిన ముందరి మెట్లే ఇప్పటికీ ఉన్నాయి, వరండాలో గాలి బాగుంది, మమ్మల్ని తరిమేవాళ్లు లేరు.

తర్వాత దారంతా నీళ్లు, అడవి. అడవిలో బూత్ నాలుగైదు రోజులు దాక్కున్నాడు. థామస్ జోన్స్ అనే ఆయన తిండి, పేపర్లు తెచ్చిచ్చేవాడు. పట్టిస్తే లక్ష డాలర్లు బహుమానమని అందరికీ తెలుసు, ఇతను నోరు విప్పలేదు. తనను వీరుడని పొగుడుతారనుకుని పేపర్లు చూసిన బూత్‌కు అన్నిట్లోనూ తిట్లే కనిపించాయి. పడవలో పొటోమాక్ దాటబోయి మొదటి రాత్రి దారి తప్పి మళ్లీ మేరీలాండ్ ఒడ్డుకే చేరారు. పోప్స్ క్రీక్ దగ్గర నిలబడి ఆ నది వెడల్పు చూస్తే, చీకట్లో తెడ్డు వేసినవాడు దారి తప్పడం వింతేమీ కాదనిపిస్తుంది.

ఫోటోల్లో ఒకటి బస్సు కిటికీలోంచి తీసిన, పొటోమాక్ మీది పాత నైస్ వంతెన. ఇరుకుగా, పైకి లేచి దిగుతూ, ఎదురుగా లారీ. అది ఇప్పుడు లేదు. 2022లో పక్కనే వెడల్పాటి కొత్తది తెరిచి దాన్ని కొట్టేశారు. టోలు కట్టడానికి ఆపరు, కెమెరాలే. ఈజీపాస్ అనే టోలు ఖాతా లేకపోతే బిల్లు ఎక్కువై ఇంటికొస్తుంది.

ఇక చివరిది వర్జీనియాలోని గారెట్ పొలం. ఏప్రిల్ 26 తెల్లవారుజామున బూత్ దాక్కున్న పొగాకు కొట్టానికి సైనికులు నిప్పంటించారు. బాస్టన్ కార్బెట్ అనే సార్జెంటు పలకల సందులోంచి కాల్చాడు. ఇంటి వరండాలో బూత్ ప్రాణం పోయింది. ఇల్లు ఎప్పుడో శిథిలమై పోయింది. ఆ స్థలం ఇప్పుడు 301 హైవే రెండు దారుల మధ్య ఉన్న అడవి పట్టీలో ఉంది. ఉత్తరంగా వెళ్లే వైపు ఒక బోర్డు తప్ప ఏమీ లేదు. కార్లు బాణాల్లా పోతుంటాయి, ఆపే చోటు లేదు, ఆపకండి కూడా. మేం యూ టర్న్ కొట్టి రెండుసార్లు దాటాం. రెండోసారి నాన్న 86 ఫోటోను కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. ఫోటోలో చెట్ల మధ్య గుంపు నేలకేసి చూస్తోంది. బయట చెట్లు ఉన్నాయి, గుంపు లేదు.

‘ఢిల్లీలో బిర్లా హౌస్‌లో గాంధీ గారు నడిచిన అడుగులు సిమెంటులో పోసి పెట్టారు. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు వాటి పక్కన కాళ్లు పెట్టి కొలుచుకునేవాళ్లు. ఇక్కడ కొలుచుకోవడానికేం లేదు’ అన్నారు. చంపినవాడి చోటుకీ చనిపోయినవాడి చోటుకీ తేడా ఉండాలి కదా నాన్నా, అన్నాను. ‘మరి వీళ్లంతా బస్సేసుకుని ఎందుకొచ్చినట్టు?’ అన్నారు. పోర్ట్ రాయల్ దాకా నా దగ్గర జవాబు లేదు.

ఓపిక ఉన్నవాళ్లు తిరుగు ప్రయాణంలో సిల్వర్ స్ప్రింగ్‌లోని ఆరోగ్య, వైద్య మ్యూజియం చూడండి. లింకన్ తలలోంచి తీసిన గుండు అక్కడుంది, టికెట్టు లేదు. మేం అలసిపోయి వెళ్లలేదు.

27లో 26 ఫోటోలు ఎక్కడివో తేలాయి. మిగిలిన దాని వెనక ఏ రాతా లేదు. కంకర రోడ్డు, పక్కన బస్సు చక్రం, ఒకావిడ ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పి రాయి దులుపుకుంటోంది, వెనక ఎవరో నవ్వుతున్నారు. మడ్ ఇంటి దారి అయ్యుండొచ్చు, బూత్ ఆగిన ఇంకో ఇల్లు రిచ్ హిల్ అయ్యుండొచ్చు. నాన్న దాన్ని తన డైరీలో పెట్టుకుని తెనాలి పట్టుకెళ్లారు. మొన్న వాట్సాప్‌లో దాన్నే పెద్దది చేసి పంపి, ‘చక్రం వెనకాల తెల్లగా ఉన్నది కంచె అంటావా, బోర్డు అంటావా?’ అని అడిగారు.