ఒకేచోట పరిశ్రమలా, ఊరూరా పరిశ్రమలా?

హరిత ఉత్పాదకత అంటే తక్కువ నీటితో, తక్కువ విద్యుత్తుతో, తక్కువ కాలుష్యంతో ఎక్కువ ఉత్పత్తి సాధించడం. ఈ కొలతతో చూస్తే, 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ, రేణిగుంటల్లో ఒకేచోట చేరిన ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సముదాయాలకూ, చిత్తూరు చుట్టుపక్కల చెదిరి ఉన్న మామిడి గుజ్జు కర్మాగారాలకూ తేడా స్పష్టమవుతుంది.

సముదాయంలో రోడ్లు, విద్యుత్తు, మురుగునీటి శుద్ధి వంటి ఖర్చులను అనేక సంస్థలు పంచుకోగలవు. విడిగా శుద్ధి కేంద్రం కట్టుకోలేని చిన్న సంస్థకు ఇది పెద్ద ఊరట. అయితే కాలుష్యం కూడా ఒకేచోట పోగుపడుతుంది కనుక, పర్యవేక్షణ సడలితే నష్టం ఆ చుట్టుపక్కల చెరువులదే.

గుజ్జు కర్మాగారాల సంగతి వేరు. గుజ్జుకు వాడే తోతాపురి రకం మామిడి తోటలకు కర్మాగారం దగ్గరగా ఉంటేనే రవాణా ఇంధనం, పంట నష్టం తగ్గుతాయి. కానీ పని కొన్ని వారాలే సాగుతుంది. మురుగునీటిలోని సేంద్రియ వ్యర్థాలను తినే సూక్ష్మజీవులకు నెలల తరబడి మేత అందకపోతే శుద్ధి కేంద్రాన్ని మళ్లీ సరిగా నడిపించడం కష్టం, కాబట్టి ఉమ్మడి కేంద్రం కట్టినా ఇదే చిక్కు.

అందుచేత ఎలక్ట్రానిక్స్‌కు సముదాయమే మేలని నా అభిప్రాయం. మామిడికి మాత్రం కర్మాగారాలను తరలించకుండా, తొక్క, టెంకలను సేకరించి బయోగ్యాస్ తీసే ఉమ్మడి ఏర్పాటుకు ప్రోత్సాహకాలు ఇవ్వాలి.